కన్నాల పైపు

మా మామయ్య బతుకంతా కన్నాలు మూయడంతోనే గడిచింది. ప్లంబరు పనంటే కొత్త పైపులు వేయడమని జనం అనుకుంటారు. ఆయన తిన్న తిండిలో ముప్పాతిక భాగం మాత్రం ఇంకొకరు వేసి పాడుచేసిన పైపుల మీద వచ్చిందే. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు రకాల రబ్బరు వాషర్లు ఉంటాయి. అందుకని వీధి వీధంతా ఆయన్ని వాషర్ల మేస్త్రి అంటుంది. ఆ పేరుతో పిలిస్తే వెంటనే పలుకుతాడు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినా అని వెనక్కి చూస్తాడు.

ఆయన పనిచేస్తుంటే చూడటం ఒక ముచ్చట. గోడ చెమ్మెక్కిందని ఎవరైనా పిలిస్తే వెళ్ళగానే సుత్తి తీయడు. ముందు ఇంట్లోవాళ్ళందరినీ నోరు మూసుకోమంటాడు. కుళాయిలన్నీ కట్టేయిస్తాడు. అప్పుడు గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, అంగుళం అంగుళం జరుగుతాడు. ఉన్నట్టుండి ఒకచోట ఆగి వేలు పెట్టి, "ఇక్కడ" అంటాడు. అక్కడ పగలగొడితే అక్కడే ఉంటుంది కారుతున్న కన్నం. పనయ్యాక ఆ ఇంటివాళ్ళు ఆయన మొహం మర్చిపోతారు. సింకు కింది నుంచి బయటికి కనబడేవి కాళ్ళే కదా, మొహం ఎవరు చూశారు గనక. ఇది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఆయనకి మండదు. పైపు కంటికి కనబడకూడదు, నీళ్ళు చెవికి వినబడకూడదు, ఆ రెండూ కుదిరాక ప్లంబరు గుర్తుండక్కర్లేదు అంటాడు.

ఆ రెండు సూత్రాలే చివరికి ఆయన ఇంట్లో చేపల ప్రాణం మీదికి తెచ్చాయి.

నేను పుస్తకాల బైండింగు షాపులో పనిచేస్తూ వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. మా అమ్మ ఆయనకి అక్క. రెండో అంతస్తులో ఒక గది, వంటకి ఒక మూల, బయట సన్నని వరండా. వరండాలో నా పరుపు. గదికి తలుపు, కిటికీ రెండూ వరండా వైపే ఉంటాయి. వరండా అవతల చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క మేడ గోడ. కిటికీ తెరిచినా గోడే, తలుపు తెరిచినా గోడే. ఆ గోడ మీద పెచ్చులు ఎక్కడెక్కడ లేచాయో మా అత్తయ్య కళ్ళు మూసుకుని చెప్పగలదు.

అత్తయ్య నూలు మిల్లులో పనిచేసింది. తెగిన పోగుని వేళ్ళతో మెలితిప్పి అతకడంలో ఆవిడంత జోరు ఇంకెవరికీ లేదని అప్పటి స్నేహితురాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అన్నేళ్ళ పనికి మిల్లు ఆవిడకి మిగిల్చింది ఆయాసం. గుండెలో దూది దూర్చినట్టుంటుందట. దుమ్ములోకి వెళ్ళొద్దు, మెట్లు ఎక్కొద్దు అని డాక్టరు చెప్పాడు. రెండో అంతస్తులో కాపురం పెట్టుకుని మెట్లు ఎక్కకుండా ఉండే ఉపాయం మాత్రం ఆయన చెప్పలేదు. అందుకని ఆవిడ డాక్టరు దగ్గరికి తప్ప కిందికి దిగదు.

ఇలా ఉండగా ఒకరోజు మామయ్య, మూసేస్తున్న ఒక ఆఫీసులో పైపులు విప్పడానికి వెళ్ళి, అక్కడ పారేయబోతున్న చేపల తొట్టిని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. రెండు మూరల కంటే కాస్త ఎక్కువ పొడుగు, ఒక మూల పగులు. అత్తయ్య చూసి, "మనుషులు తిరగడానికే చోటు లేదు, ఈయన గాజుపెట్టెని కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు" అంది. పగులు మూశాడు, నీళ్ళు నింపాడు, రంగు చేపలు తెచ్చి వదిలాడు. సాయంత్రానికల్లా అత్తయ్య కుర్చీ కిటికీ దగ్గర నుంచి తొట్టి ముందుకి జరిగింది.

చేపలన్నిటికీ పేర్లు పెట్టింది. పొడుగు తోక ఈడ్చుకుంటూ ఎవరినీ లెక్కచేయకుండా తిరిగేది పెద్దకోడలు. గోడ వెంట ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆగకుండా పోయేది పోస్ట్‌మాన్. అద్దం మీద ఎంత తట్టినా కదలకుండా అడుగునే పడి ఉండే నల్లటిది చెవిటాయన. లావుగా, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నదానికి మిల్లు మేనేజరు అని పెట్టింది. అచ్చం ఒకేలా ఉన్న రెండిటికీ కవలలని. మామయ్య పని నుంచి రాగానే ఆరోజు పెద్దకోడలు ఎవరిని నెట్టింది, మేనేజరు ఎవరి తిండి తిన్నాడు అన్నీ చెప్పేది. అంతకుముందు ఆ ఇంట్లో సాయంత్రాలు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

తొట్టితో పాటు బుడబుడా గాలి వదిలే చిన్న యంత్రం ఒకటి వచ్చింది. మామయ్యకి ఆ చప్పుడు మొదటిరోజే నచ్చలేదు. బుడగలు వస్తున్నాయంటే లైన్లో గాలి చేరినట్టేనని, అది పైపులకి జబ్బని, జబ్బుని ఎవరూ కావాలని ఇంట్లో పెట్టుకోరని దాన్ని తీసి అటక మీద పడేశాడు. దాని బదులు తన పద్ధతిలో తనే కట్టాడు. నీళ్ళని పీల్చి స్పాంజి గుండా పంపే చిన్న మోటారుని ఎడమచేతి వెనక మూలలో పెట్టాడు. పీల్చే మూతి అక్కడే, శుభ్రమైన నీళ్ళు వదిలే మూతి దాని పక్కనే అదే మూలలో. రెంటినీ కప్పేస్తూ ఒక నల్లరాతి పలక నిలబెట్టాడు. పైన గాజుమూత బిగించి, చుట్టూ రబ్బరు అంచు అతికించాడు, చుక్క కూడా ఆవిరైపోకుండా. పైపు కనబడదు, నీళ్ళు వినబడవు. నీటి పైభాగం అద్దంలా ఉండేది. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నవాడిలా ఉండేవి ఆ నీళ్ళు.

కింది వాటాలో ఉండే ఇంటాయన పైకి వచ్చి చూసి, "మేస్త్రి ఇంట్లో నీళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాయి" అన్నాడు. మామయ్య ఆ మాటని చాలా రోజులు చప్పరించాడు.

మొదట మేనేజరు పోయాడు. అత్తయ్య పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. "ఈ మేనేజరు పోయాడు, అసలువాడు మాత్రం రాయిలా ఉన్నాడు" అంది అంతే. తర్వాత కవలల్లో ఒకటి పోయింది. అప్పటికి ఒక సంగతి అందరం గమనించాం. తెల్లవారేసరికి చేపలన్నీ పైకి వచ్చి, నోరు నీటి అంచుకి ఆనించి, తెరుస్తూ మూస్తూ ఉండేవి. మామయ్య ఆకలనుకుని మేత వేశాడు. అవి ముట్టలేదు. మేత మెల్లగా కిందికి దిగి, కుడిచేతి మూలకి చేరి, అక్కడే నానిపోయి తెల్లగా బూజు పట్టింది.

అత్తయ్య కుర్చీలోంచే చెప్పింది. "ఆకలి కాదయ్యా అది. పొద్దున్నే నేను మంచం మీద లేచి కూర్చుంటానే, అలాంటిది. ఆయాసం."

"చేపలకి ఆయాసమేంటే? నీళ్ళలోనే ఉన్నాయిగా" అన్నాడు మామయ్య.

"నేను గాల్లో లేనా?"

 అయినా ప్లంబరు బుర్ర ప్లంబరు బుర్రే. లోపం నీళ్ళలో ఉందనుకున్నాడు. ఉన్న నీళ్ళన్నీ తోడేసి, స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతికి, తొట్టిని తళతళలాడేలా తోమి, కొత్త నీళ్ళు నింపాడు. మర్నాడు రెండో కవల కూడా పోయింది.

దాన్ని బయట పారేసి వచ్చేసరికి అత్తయ్య మూత ఉన్న బకెట్టు ఒకటి తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. అరవడానికి ఆవిడకి ఊపిరి చాలదు. ఇంకొకటి పోతే మిగిలినవాటిని ఆ బకెట్లో వేసి దుకాణంలో ఇచ్చేసి రమ్మంది. ఎందుకే అని మామయ్య అడిగితే ఆవిడ తొట్టి వైపు చూస్తూ చెప్పిన మాట నేను మర్చిపోలేను.

"పొద్దున్న లేవగానే నన్ను నేనే చూసుకుంటున్నట్టు ఉంటోంది. నోరు తెరుచుకుని ఎలా పోతారో రోజూ చూపించక్కర్లేదు నాకు."

 మామయ్య చేతి సంచి కింద పెట్టి, ఆరోజు పనికి రానని ఎవరికో ఫోన్లో చెప్పాడు. పనికి రానని ఆయన చెప్పగా నేను వినడం అదే మొదలు.

చేపల దుకాణంవాడిని మామయ్య చేపల డాక్టరు అంటాడు. వాడు కథంతా విని, నీళ్ళు మంచివే, తిరగడం లేదు అన్నాడు. తిరగని నీళ్ళలోకి గాలి దిగదట. అంతవరకు సరిగ్గానే చెప్పి, ఆ తర్వాత అమ్ముకునేవాడి బుద్ధి పోనిచ్చుకోక, ఉన్నవాటిలోకెల్లా పెద్ద మోటారుని చేతిలో పెట్టాడు. అటక మీది బుడగల యంత్రం దించడం కంటే మామయ్యకీ ఇదే నచ్చింది. నీళ్ళు రాకపోతే ప్రెషరు పెంచడం ఆయనకి తెలిసిన మందే. తెచ్చి, పాతదాని చోట, అదే మూలలో, అదే పలక వెనక బిగించాడు.

స్విచ్చి వేయగానే పెద్దకోడలు గిరగిరా తిరుగుతూ పోయి ఎదుటి అద్దానికి కొట్టుకుంది. అడుగున ఉన్న గులకరాళ్ళు ఒకవైపు కుప్పపడ్డాయి. పోస్ట్‌మాన్ ఎదురీదలేక రాళ్ళ చాటున నక్కాడు. చెవిటాయన మాత్రం కుడిచేతి మూలలో ఎప్పటిలాగే పడి ఉన్నాడు. ఆ మూలలో బూజు కూడా కదల్లేదు. తుఫాను ఊరంతా కొట్టి ఒక్క సందులోకి మాత్రం రానట్టుంది. పెద్దకోడలి తోక అంచు చిరిగింది.

"కట్టెయ్, కట్టెయ్" అంది అత్తయ్య. "ఊపిరాడనిదాన్ని పట్టుకుని చెంపలు వాయిస్తే ఊపిరొస్తుందా?"

మోటారు కట్టేశాడు. నేలమీద కూలబడి గోడకి ఆనుకున్నాడు. ఆయన అలా కూలబడితే నేను భయపడతాను. లోకంలో నాకు నమ్మకం ఉన్న మనుషులు తక్కువ, వాళ్ళలో ఈయనొకడు. ఇచ్చేద్దామా మామయ్యా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయో తెలియాలి అల్లుడూ. గోడలో అయితే చెవికి దొరుకుతుంది. ఇదేమో కళ్ళెదురుగా గాజులో ఉంది, కనబడి చావదు."

అప్పుడు అత్తయ్య లేచింది. ట్రంకు పెట్టెలోంచి మిల్లు రోజుల నాటి నూలు కండె తీసింది. ఇన్నేళ్ళు దాచుకుందని మాకెవరికీ తెలియదు. తెల్లటి పోగుని వేలెడు ముక్కలుగా తెంపి, చీపురు పుల్లలకి పై నుంచి కింది దాకా వరుసగా కట్టింది. మిల్లులో గాలి ఎటు కొడుతోందో చూడటానికి ఇలాగే ఒక పోగు కట్టుకునేవాళ్ళమని, పోగుని చూసి దూది ఎటు ఎగురుతుందో తెలుసుకుని, అటు కాకుండా నిలబడేవాళ్ళమని చెప్పింది. "దారానికి మొహమాటం ఉండదు. గాలి ఉంటే ఊగుతుంది, లేకపోతే వేలాడుతుంది."

పాత చిన్న మోటారే మళ్ళీ పెట్టి, పుల్లలు తొట్టిలో అక్కడక్కడ నిలబెట్టి, ముగ్గురం అద్దానికి ముక్కులు ఆనించి చూశాం. ఎడమ మూలలో పోగులు గంతులేస్తున్నాయి. మూరెడు ఇవతల బద్ధకంగా కదులుతున్నాయి. మధ్య నుంచి కుడి కొస దాకా అన్నీ నిటారుగా వేలాడుతున్నాయి. అన్ని పుల్లలకీ పైన నీటి అంచు దగ్గర కట్టిన పోగు ఒక్కచోట కూడా కదల్లేదు. నీళ్ళ మీద పల్చటి జిడ్డు పొర ఒకటి, గాలి కూడా దూరకుండా పాలమీగడలా పరుచుకుని ఉంది.

మామయ్య ఒక పుల్లని చూశాడు, ఇంకో పుల్లని చూశాడు. మెల్లగా నల్లరాతి పలక తీశాడు. పీల్చే మూతి, వదిలే మూతి పక్కపక్కనే ఇరుగమ్మా పొరుగమ్మల్లా ఉన్నాయి.

"ఈవిడ వదిలింది ఆవిడ తాగుతోంది, ఆవిడ తాగింది ఈవిడ వదుల్తోంది" అన్నాడు. "మిగతా తొట్టికి చుక్క పంచలేదు. ఇది వేసిన వెధవెవడో వాడిని పట్టుకుని తన్నాలి."

"తన్నుకో మరి" అంది అత్తయ్య.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో లేచిన మనిషి పని అయ్యేదాకా మళ్ళీ కూర్చోలేదు. మోటారుని కుడిచేతి మూలకి, ఎప్పుడూ మురికి చేరేచోటికి మార్చాడు. పీల్చడం అక్కడ. అక్కడి నుంచి సన్నపైపుని వెనక అద్దం వెంట ఎడమ కొస దాకా తీసుకొచ్చాడు. నీళ్ళు ఒక కొసన లోపలికి, ఇంకో కొసన బయటికి. తొట్టి పొడుగునా నడవక తప్పదు వాటికి. పోగులు పెట్టి చూస్తే సగానికి పైగా కదిలాయి. అయినా ఒకేచోట నుంచి దూకే నీటికి ఎదురుగా ఉన్న చేప కొట్టుకుపోతోంది, పైన ఉన్న జిడ్డు పొర చెదరడం లేదు. ఆ ధారని చిన్న చిన్న ధారలుగా విడగొట్టి నీటి అంచు మీద పరచాలి. అంటే పైపుకి వరసగా కన్నాలు పెట్టాలి.

అక్కడ ఆగిపోయాడు మామయ్య.

పైపు ముక్క కోశాడు, కొస మూతేసి బిగించాడు, పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. డ్రిల్లుకి సన్నపు ముల్లు తొడిగాడు. ముల్లు గుర్తు మీద ఆనించాడు. తీసేశాడు. చొక్కా అంచుతో పైపు తుడిచాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ తీసేశాడు.  చెయ్యి కదలలేదు, అంతే. జీవితమంతా ఏ తప్పుని వెతికి వెతికి మూశాడో ఆ తప్పుని మంచి పైపు మీద తన చేత్తో చేయాలి.

"చెయ్యి రావట్లేదే" అన్నాడు.

"నాకు సూది వేసేటప్పుడూ ఇంతే. నర్సు సూది తీయగానే బయటికెళ్ళి గోడ చూస్తుంటావు" అంది అత్తయ్య. "ఇలా ఇవ్వు, నేను పెడతాను."

ఇవ్వలేదు. పైపుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎవరినో తిట్టుకుంటూ మొదటి కన్నం పెట్టాడు. తర్వాతవి తేలికగానే పడ్డాయి. పడేసరికి హుషారొచ్చి ముల్లు మార్చి పెద్దవి కూడా పెట్టాడు. బిగించి స్విచ్చి వేస్తే మొదటి రెండు మూడు కన్నాలే నీళ్ళన్నీ మింగేశాయి. చివరివి పొడిగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పంక్తిలో ముందు కూర్చున్నవాళ్ళే అంతా తినేస్తే చివరివాళ్ళ గతి ఎప్పుడూ ఇదేనని నాకనిపించింది గానీ, ఆయనకి రాజకీయాలు మాట్లాడే తీరిక లేదు. ఆ పైపు పక్కన పడేసి ఇంకోటి కోశాడు. ఈసారి అన్నీ సన్నవి. మూతి దగ్గర దూరం దూరంగా, కొసకి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా. నీటి అంచుకి కాస్త పైన, ఏటవాలుగా పైభాగాన్ని తాకేలా తిప్పి బిగించాడు.

అది బిగించాక తొట్టి పొడుగునా సన్నటి వాన పడ్డట్టయింది. జిడ్డు పొర ముక్కలు ముక్కలై, చిల్లుల దుప్పటిలా లాక్కుపోయి మాయమైంది. పై పోగులన్నీ ఒకేసారి ఊగాయి. కింది పోగులు మెల్లగా, ఓపికగా ఊగాయి. రాళ్ళ వెనక ఒక్కటి మాత్రం కదలకపోతే అత్తయ్య చెప్పిన ప్రకారం పెద్దరాయిని గోడకి ఎడంగా జరిపాడు. అదీ కదిలింది. చివరికి రబ్బరు అంచు పీకేసి, గాజుమూత కింద నాలుగు మూలలా జేబులోంచి తీసిన వాషర్లు పెట్టి, గాలి దూరడానికి సందు వదిలాడు.

ఇక చప్పుడు మొదలైంది. గదిలో ఎప్పుడూ గలగల. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తున్న మామయ్య ఉలిక్కిపడి లేచి, కళ్ళు తెరవకుండానే రెంచి కోసం తడిమాడు. అత్తయ్య పడీ పడీ నవ్వింది. నవ్వితే దగ్గొస్తుందని తెలిసి కూడా నవ్వింది.

చప్పుడు విని ఇంటాయన పైకి వచ్చాడు. "ఏం మేస్త్రీ, దీపం కిందే చీకటా? నీ ఇంట్లోనే లీకా?"

"అవునండీ, కారుతోంది. కారాలి" అన్నాడు మామయ్య. ఇంటాయనకి అర్థం కాలేదు. మనిషికేదో అయిందన్నట్టు మెట్లు దిగిపోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను వరండాలోంచి కిటికీ గుండా చూశాను. అత్తయ్య అప్పటికే లేచి కుర్చీలో ఉంది. మామయ్య ఆవిడ వెనక నిలబడి ఉన్నాడు.  నీటి అంచు దగ్గర ఏ నోరూ లేదు. పెద్దకోడలు చిరిగిన తోకతోనే నడిమధ్య విలాసంగా తిరుగుతోంది. పోస్ట్‌మాన్ ఉత్తరాలు పంచుతున్నాడు. చెవిటాయన కుడిమూల వదిలేసి, ఎవరూ ఊహించని విధంగా, చిన్నధారల కిందికి వచ్చి వీపు నిమిరించుకుంటున్నాడు.

ఏమంటావు అన్నాడు మామయ్య. ఇంకొన్నాళ్ళు చూద్దాం అంది ఆవిడ. బకెట్టు గుమ్మం పక్క నుంచి తీయలేదు.

అన్నట్టుగానే చూసింది. రోజులు గడిచాయి. ఏదీ పోలేదు. బకెట్టు మాత్రం అక్కడే ఉంది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. తీయమని ఆయన అడగడు, తీసేయమని ఆవిడ చెప్పదు.

ఒకరోజు మామయ్య పని నుంచి వచ్చేసరికి తొట్టిలో ఉండాల్సిన చీపురు పుల్ల అత్తయ్య మంచం తలవైపు నిలబెట్టి ఉంది. పై నుంచి కింది దాకా పోగులు. ఎండిపోయి, తేలికగా, చిన్న ఊపిరికి కూడా ఊగేంత పల్చగా ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది, కిటికీ తెరిచే ఉంది. ఒక్క పోగు కూడా కదలడం లేదు.

 అత్తయ్య కూర కలియబెడుతూ ఉంది.

మామయ్య సంచి దించకుండా అలాగే నిలబడి పుల్లని చూశాడు. తలుపు వైపు చూశాడు. దాని పక్కనే ఉన్న కిటికీ వైపు చూశాడు. ఇరుగమ్మా పొరుగమ్మా. ఆ తర్వాత గదిలో వాటికి ఎదురుగా ఉన్న వెనక గోడ వైపు తిరిగాడు. ఆ గోడకి తలుపూ లేదు, కిటికీ లేదు. దాని వెనక ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఎవరివో బట్టలు తీగ మీద రోజంతా ఎగురుతుంటాయని వీధిలో వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. ఎన్నేళ్ళ నుంచి ఈ గదిలో ఉంటున్నారో, ఆ గోడకి చెవి ఆనించాలని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. గోడ చెమ్మెక్కలేదు కాబట్టి.

సంచి దించకుండానే కిందికి దిగాడు. నేనూ వెంట వెళ్ళాను. గోడకి పై భాగంలో కన్నం పెట్టాలి అని ఇంటాయనతో చెప్పాడు. ఇంటాయన ససేమిరా అన్నాడు. గోడ పాడవుతుంది, వాన దూరుతుంది, రేపు ఇంకొకరు కిటికీ కావాలంటారు, ఎల్లుండి తలుపు కావాలంటారు అని వరసగా చెప్పుకుపోయాడు. ఇల్లున్నవాళ్ళకి కారణాలు ఎప్పుడూ నోటి నిండా ఉంటాయి. నేను ఏదో అనబోయాను. మామయ్య నా చెయ్యి నొక్కాడు.

"గోడ మీదేనండీ, కాదనను" అన్నాడు. "ఈ ఇంట్లో ప్రతి పైపూ నేను వేసిందే. ఎక్కడైనా ఎప్పుడైనా చుక్క కారిందా?"

"కారలేదు."

"ఇది కూడా నేనే వేస్తాను. నాలుగంగుళాల పైపు, బయట మూతి కిందికి వంచి, దోమలు రాకుండా వల. వాన చుక్క లోపలికొస్తే నన్ను ఖాళీ చేయించండి. వద్దంటే చెప్పండి, ఈ నెల దాటకుండా రెండు వైపులా గాలి ఉన్న గది చూసుకుని పోతాం. మొత్తానికి ఆవిడ ఈ గాల్లో ఇంక పడుకోదు."

గొంతు పెంచలేదు. జేబులో వాషర్ల మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. రాజే కాదు, ఇంటి ఓనరు కూడా ఒక మెట్టు కిందేనని నాకు ఆరోజు తెలిసింది. ఇంటాయన కాసేపు గోడ వైపు, కాసేపు మామయ్య వైపు చూసి, వల మాత్రం గట్టిది వేయి అన్నాడు.

ఆదివారం పొద్దున అత్తయ్యని దుమ్ము తగలకుండా ఇంటాయన వాటాలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాం. తొట్టి మీద తడిగుడ్డ కప్పాం. మంచి గోడ పగలగొట్టడానికి ఈసారి మామయ్య చెయ్యి ఆగలేదు. ఉలి దిగుతుంటే గోడ లోపల నుంచి ఎర్రటి ఇటుక పొడి రాలింది. చివరి ముక్క అవతలికి పడగానే గుండ్రటి వెలుగు ఒకటి వచ్చి మంచం మీద పడింది. పైపు దూర్చి, చుట్టూ సిమెంటు పూసి, మూతి కిందికి వంచి, వల కట్టాడు. పైపు కొస గదిలోకి బెత్తెడు పొడుచుకొచ్చి కనబడుతూనే ఉంది. కప్పడానికి ఆయన ఏమీ చేయలేదు.

దుమ్మంతా తుడిచాక అత్తయ్య ఒక్కొక్క మెట్టే ఎక్కి, మధ్యలో ఆగి ఆగి పైకి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. ముగ్గురం చీపురు పుల్లని చూస్తూ ఉన్నాం. పై పోగు ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది. కాసేపటికి దాని కింది పోగు. అడుగున ఉన్నది మాత్రం వేలాడుతూనే ఉంది.

అత్తయ్య ఆయాసం పోలేదు. పోయేది కాదని డాక్టరు మొదటే చెప్పాడు. పొద్దున్నే లేచి కూర్చుని నోటితో గాలి పీల్చుకోవడం ఇప్పటికీ ఉంది. మునుపటికంటే తొందరగా తేరుకుంటోందని మామయ్య అంటాడు. నేను మాత్రం ఇలాంటి లెక్కలు నమ్మను. కానీ ఆరోజు అడుగు పోగుని చూసి ఆవిడ మొహం చిట్లించడం, అక్కడి నుంచి ఆవిడ చూపు నేల మీదుగా గుమ్మం దాకా వెళ్ళడం నేను చూశాను.

"ఏమయ్యా, ఆ బకెట్టు తీసి లోపల పెట్టు" అంది. "గాలికి అడ్డంగా ఉంది."